కార్తీకంలో వెల్లుల్లి వాసన

మార్కాపురంలో కోటేశ్వర్లు గారి ఇంట్లో కార్తీకం అడుగుపెట్టిందంటే వంటిల్లు గుడి అయిపోవాల్సిందే. దీపావళి మర్నాడు తెల్లారేసరికి ఉల్లిపాయల బుట్ట, వెల్లుల్లి సంచీ గడప దాటి పనిమనిషి ఇంటికి వెళ్ళిపోతాయి. రోలు, మిక్సీ గిన్నె, పోపుల డబ్బా చింతపండు పెట్టి తోముతారు. పాపం, ఏ పాపమూ ఎరగని గోంగూర పచ్చడి జాడీ కూడా అటకెక్కుతుంది, అందులో నాలుగు రెబ్బలు పడ్డాయని. ఇక నెల పొడుగునా ఆ ఇంట్లో పోపంటే ఇంగువే. ఇంటావిడ రామతులసమ్మ ఈ నియమాన్ని తన అత్తగారి దగ్గర నేర్చుకుంది. ఆ వీధిలో ఏ ఆడమనిషికి నోముల్లో అనుమానం వచ్చినా ఆవిడ దగ్గరికే వస్తారు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణంతో సమానం.

అలాంటి ఇంట్లో, అదీ కార్తీకంలో, కోడలు హారిక నోరు తెరిస్తే గుప్పుమని వెల్లుల్లి వాసన!

తిన్నదా? తినలేదు. ఒక్క రెబ్బ కూడా ముట్టలేదు. ఈ సంగతి మనం ముందే తేల్చేసుకుందాం. ఎందుకంటే ఇది తేల్చుకోవడానికి ఆ పిల్ల పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

హారికది గిద్దలూరు. నాయన శ్రీరాములు అక్కడ చిన్న బట్టల కొట్టు నడుపుకుంటాడు. అబద్ధం ఆడి బేరం చేయడం చేతకాక ఆ కొట్టు చిన్నదిగానే ఉండిపోయిందని చుట్టాలు ఎగతాళి చేస్తారు. ఆ నాయన కూతురు కదా, మాటంటే మాటే. పెళ్ళిచూపుల్లో "వంట వచ్చా?" అని అడిగితే "పెద్దగా రాదండీ" అని మొహం మీదే చెప్పేసింది. రామతులసమ్మకు ఆ మాటే నచ్చింది. "ఈ పిల్లకు కపటం లేదు, మన ఇంటికి ఈమే కావాల" అని పట్టుబట్టి తెచ్చుకుంది. ఆ ఒక్క మంచిమాటనే హారిక అత్తగారింట్లో తన ఆస్తిగా దాచుకుంది.

పెళ్ళయి నాలుగేళ్ళు దాటినా కడుపు పండలేదు. పరీక్షలు చేయిస్తే థైరాయిడ్ ఉందన్నారు. పొద్దున్నే మాత్ర వేసుకుంటోంది. ఇంతలో మొగుడు వెంకటసాయి ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయాలంటే సెలీనియం అనే ధాతువు కావాలట. అది బ్రెజిల్ నట్స్‌లో దండిగా ఉంటుందట. రోజుకు రెండు తింటే చాలట. వాళ్ళది అసలే జీడిపప్పు, బాదం, ఖర్జూరం అమ్మే దుకాణం. విజయవాడలో సరుకు తెచ్చుకునే చోట చెప్పి ఒక డబ్బా తెప్పించాడు. బొటనవేలంత పొడుగు, మూడు పలకలుగా, తెల్లగా, నూనె నూనెగా ఉన్నాయి. ఆ పేరు మన జనానికి నోరు తిరగదని కోటేశ్వర్లు వాటికి 'థైరాయిడ్ పలుకులు' అని పేరు పెట్టి, గాజు సీసాలో పోసి గల్లాపెట్టె పక్కనే పెట్టాడు. ఆ తెలివికి ఆయన్ను మెచ్చుకోవాల్సిందే.

"రోజుకు రెండే చాలంటమ్మా" అన్నాడు వెంకటసాయి.

"రెండు పలుకులు ఏ మూలకొస్తాయిరా? మనమేమన్నా పక్కింట్లో అడిగి తెచ్చుకోవాల్నా? దుకాణం మనది, పిల్ల మనది" అంది రామతులసమ్మ.

ఆవిడకు పలుకులంటే బాదం లెక్కే తెలుసు. బాలింతకు, పరీక్షలు రాసే పిల్లలకు, జ్వరం పడి లేచినవాళ్ళకు, ఎవరికైనా గుప్పెడు పలుకులు నానబెట్టి, నూరి, పాలలో కలిపి ఇవ్వడం ఆ ఇళ్ళల్లో తరాలుగా ఉన్నదే. ఎంత ఎక్కువ వేస్తే అంత ప్రేమ. దసరా ముందు నుంచి రోజూ తెల్లవారుజామునే లేచి, స్నానం చేసి, గుప్పెడు థైరాయిడ్ పలుకులు తన చేత్తో రోట్లో మెత్తగా నూరి, పటికబెల్లం వేసి, గ్లాసుడు పాలు కోడలి మంచం దగ్గరికే తెచ్చేది. మిక్సీలో వేస్తే సారం పోతుందట. హారికకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. కన్నతల్లి కూడా తనకు అట్లా చేయలేదు. అదీ ఈ కథలో చేదు. విషమిచ్చిన చేతిని తిట్టుకుందామన్నా, అది తెల్లవారుజామున చన్నీళ్ళలో తడిసిన చెయ్యి.

కార్తీకం రాగానే పిల్లల కోసమని హారిక చేత నక్తం పట్టించారు. అంటే పగలంతా అన్నం లేదు, చుక్క కనపడ్డాకే భోజనం. మధ్యలో పాలు, పళ్ళు, పలుకులు. "పస్తు మీద పిల్ల నీరసిస్తుంది" అని రామతులసమ్మ మధ్యాహ్నం ఇంకో గుప్పెడు నూరింది. నోట్లో వేసుకోవడానికి ఇంకొన్ని చేతికిచ్చింది. వారం తిరిగేసరికి హారిక నోరంతా ఇనుప గరిట నాకినట్టు తయారైంది. కడుపులో వికారం. వేవిళ్ళేమోనని అత్త మురిసింది, కావని తేలి ముడుచుకుంది. తల దువ్వుకుంటే దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. గోళ్ళ మీద తెల్లటి అడ్డగీతలు పడ్డాయి.

ముందు పసిగట్టింది మొగుడే. "ఏంది, తెల్లగడ్డ వాసన వస్తాంది?" అన్నాడు నవ్వుతూ. హారిక కూడా నవ్వింది. రెండుసార్లు బ్రష్ చేసుకుంది, లవంగం నమిలింది. వాసన నోట్లో ఉంటే కదా పోవడానికి? ఊపిరిలో ఉంది.

అసలు గోల శ్రీశైలం దారిలో జరిగింది. ఆ సోమవారం రామతులసమ్మ కోడలి చేత శివుడి ముందు ఏడాది వత్తుల దీపం పెట్టించాలని కారు మాట్లాడింది. వెంట వరసకు వదిన అయ్యే ఎదురింటి కృష్ణవేణమ్మ, ఆవిడ కూతురు అమూల్య. పెద్దదోర్నాల దాటి అడవిలోకి ఎక్కగానే చలి. డ్రైవరు అద్దాలన్నీ ఎత్తేశాడు. ఆడవాళ్ళు శివనామం మొదలుపెట్టారు. హారిక గొంతు బాగుంటుంది, అందరికంటే ఆమే గట్టిగా పాడింది.

రెండు మలుపులు తిరిగేసరికి కృష్ణవేణమ్మ పాట ఆపి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"వదినా, ఎవరో తెల్లగడ్డ తిని బండెక్కినారు" అంది.

"శివ శివా! సోమవారం పూట అవేం మాటలు?"

"నేనెందుకంటా? నీకు రావడంలేదా వాసన? ఇదిగో, ఈ పక్కనుంచే."

ఈ పక్కన ఉన్నది హారిక. రామతులసమ్మ ఒంగి కోడలి మొహం దగ్గర వాసన చూసింది. మొహంలో రంగు మారిపోయింది. ఇన్నాళ్ళూ ఇంట్లో అగరొత్తుల మధ్య, ఇంగువ పోపుల మధ్య అనుమానంగా మిగిలిపోయింది ఇప్పుడు మూసిన కారులో దాచుకునే వీలు లేకుండా బయటపడింది.

"నేను తినలేదత్తా" అంది హారిక. ఆ మాటతో పాటే ఇంకో విడత వాసన వచ్చింది. అమూల్య మొహం అటు తిప్పుకుంది.

ఇదీ ఆ పిల్ల ఖర్మ. తినలేదని చెప్పాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే తిన్నట్టే.

శ్రీశైలంలో దీపం రామతులసమ్మే పెట్టింది. "మైలపడ్డ నోటితో శివుని ముందుకెట్ల వస్తావు?" అని కోడల్ని కారులోనే కూర్చోబెట్టింది. తన కోసం మొక్కుకున్న దీపం తన చేత్తో వెలిగించలేక, పస్తున్న కడుపుతో, అద్దంలోంచి జనాన్ని చూస్తూ హారిక పొద్దుగూకేదాకా కూర్చుంది. ఆ పూట ఆమెకు ఏడుపు కూడా రాలేదు, ఒళ్ళు మండింది.

మర్నాటికే వీధంతా పాకింది. రామతులసమ్మ ఇంట్లోనే నియమం తప్పిందట! ఆవిడ తట్టుకోలేకపోయింది. నలుగురు ఆడవాళ్ళను పిలిచి, దేవుడి గది ముందు ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించింది.

"తినలేదని ఒట్టెయ్ అమ్మాయ్. నీ మాట మీద నాకు నమ్మకముంది. వీళ్ళ నోళ్ళు మూతపడాల" అంది. ఆ గొంతులో నిజంగానే ఆశ ఉంది.

హారిక కర్పూరం మీద అరచెయ్యి పెట్టి ఆర్పింది. "ఈ నెలలో తెల్లగడ్డ ముట్టలేదు. మా నాయన మీద ఒట్టు" అంది. చెయ్యి చురుక్కుమంది. కానీ ఒట్టు వేసిన నోట్లోంచి వచ్చిన వాసన కర్పూరం పొగను కూడా దాటుకుని నలుగురికీ తగిలింది. వాళ్ళు మొహాలు చూసుకున్నారు. కృష్ణవేణమ్మ బొట్టు పెట్టించుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి హారిక వంటింటి గడప బయటే. పాలగ్లాసు మాత్రం ఆగలేదు సుమండీ! అత్త కోపమంతా మొహంలోనే ఉండేది, పలుకులు గుప్పెడు గుప్పెడుగా పడుతూనే ఉండేవి. మనవడు కావాలి కదా.

ఒకరోజు తలంటుకుంటుంటే చెవి పైన చారెడు జుట్టు చేతిలోకి ఊడి వచ్చింది. వెంకటసాయి భయపడిపోయి రైల్వే స్టేషన్ రోడ్డులో కొత్తగా ఆసుపత్రి పెట్టిన జెస్సీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. రామతులసమ్మ కూడా బయలుదేరింది, ఆ వాసన సంగతేదో డాక్టరు నోటితోనే తేల్చుకుందామని.

డాక్టరమ్మ గోళ్ళు చూసింది, తల చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, "నోరు తెరిచి ఊపిరి వదులమ్మా" అని తన మొహం హారిక మొహానికి ఆనించేంత దగ్గరికి తెచ్చింది. హారికకు అప్పుడు వచ్చింది ఏడుపు. ఇన్నాళ్ళలో మొహం తిప్పుకోకుండా దగ్గరికి వచ్చిన మనిషి ఈమె ఒక్కతే.

"వెల్లుల్లి తింటున్నావా?"

"లేదు మేడమ్. ఒట్టు."

"ఒట్టెందుకు, లేదంటే చాలు. మరేం తింటున్నావు? ఏమైనా బలం మందులు, పలుకులు?"

రామతులసమ్మ అందుకుంది. "పలుకులకేం తక్కువ లేదమ్మా. బ్రెజిల్ పలుకులు. పొద్దున గుప్పెడు, మధ్యాహ్నం గుప్పెడు, పైన చేతికి కొన్ని. నా చేత్తో నేనే నూరి తాపిస్తా. రెండు నెలలు కావస్తాంది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"అమ్మా, మీరు ఈ పిల్లకు సెలీనియం విషం ఎక్కించారు" అంది.

తర్వాత ఆమె కోప్పడకుండా విడమరిచి చెప్పింది. మన ఒంట్లో సెలీనియంతో తయారయ్యే ప్రొటీన్లు పాతిక దాకా ఉన్నాయట. థైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోను చాలామటుకు నిద్రపోతున్నట్టు ఉంటుందట, దాన్ని లేపి పనిలో పెట్టేది వాటిలో ఒకటి. ఆ హార్మోను తయారయ్యేటప్పుడు గ్రంథిలో పుట్టే మంటను ఎప్పటికప్పుడు చల్లార్చేది ఇంకొకటి. మగవాడి వీర్యకణం తోక తెగకుండా పట్టి ఉంచేది మరొకటి. "ఈయనకు పరీక్షలు చేయించారా?" అని మధ్యలో అడిగింది. వెంకటసాయి గోడ మీద క్యాలెండరు చూశాడు. ఎవరూ చేయించలేదని ఆమెకు అర్థమైంది.

"ఇన్ని పనులు చేసే ప్రొటీన్లకు రోజుకు కావాల్సిన సెలీనియం కంటికి కూడా ఆనదు. ఒక్క పలుకులోనే అది ఉంటుంది. వాటి అవసరం తీరాక వచ్చిందంతా ఒంటికి భారమే. కొంత మూత్రంలో పంపిస్తుంది, అదీ చాలకపోతే ఊపిరిలోకి తోస్తుంది. ఆ ఊపిరికి అచ్చం వెల్లుల్లి వాసన ఉంటుంది. జుట్టులో, గోళ్ళలో గంధకం ఉండాల్సిన చోట ఇది దూరి కూర్చుంటుంది, అందుకే ఊడిపోతున్నాయి. రక్తపరీక్షకు పంపిస్తాను. పలుకులు ఇవాళే ఆపేయండి. నిదానంగా వాసన పోతుంది, జుట్టు మళ్ళీ వస్తుంది" అంది.

హారిక ఆసుపత్రి మెట్లు దిగుతుంటే కాళ్ళు నేల మీద ఆనడంలేదు. ఊడిన జుట్టు గుర్తు లేదు, ఎక్కిన విషం గుర్తు లేదు. తన మాట నిజమైంది! ఇంటికి పోగానే అత్త ఆ నలుగురినీ మళ్ళీ పిలుస్తుంది, 'నా కోడలు తినలేదు, నా కోడలి మాట మాటే' అంటుంది. ఆ ఒక్క మాట వింటే చాలు, మిగతాదంతా మర్చిపోవచ్చు అనుకుంది. పిచ్చి పిల్ల!

ఇంటికి పోయాక రామతులసమ్మ ఎవరినీ పిలవలేదు. రక్తపరీక్ష కాగితం వచ్చి డాక్టరమ్మ చెప్పిందే ఖాయమైన రోజున మాత్రం తలుపులు వేసి, కోడలి రెండు చేతులూ పట్టుకుని భోరుమంది.

"నా చేత్తో నీకు విషం పోసినానే తల్లీ. నాకేమన్నా తెలుసా? మనవణ్ణి ఎత్తుకోవాలని గదా!"

"నాకు తెలుసత్తా. మీరేం కావాలని చేసినారా? ఏడవొద్దు" అంటూ హారిక కూడా ఏడ్చింది.

"మరి ఈ సంగతి బయటికి రానీయొద్దు. కోడలికి విషం పెట్టిన అత్త అంటారు నన్ను. ఈ ఊళ్ళో నేనింక తలెత్తుకుని తిరగాల్నా వద్దా?"

"మరి వాసనకు ఏం చెప్తారత్తా?"

రామతులసమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "తెల్లగడ్డే తిన్నావని చెప్తా. తెలీక ఏదో పచ్చడిలో తిన్నావు, భయపడి చెప్పలేదు. తప్పొప్పుకుంటే శుద్ధి చేయిస్తా. నెల రోజులకు ఎవరికీ గుర్తుండదు."

"కర్పూరం ఆర్పినానత్తా. మా నాయన మీద ఒట్టేసినా" అంది హారిక.

కోటేశ్వర్లు గొంతు సవరించుకున్నాడు. "దుకాణం సంగతి గూడా చూడాల గదమ్మా. మన పలుకులు తిని మన కోడలికే ఇట్లయిందంటే బాదం కూడా కొనరు జనం" అన్నాడు. వెంకటసాయి భార్య పక్కన కూర్చుని, "ఒక్క మాటే గదా హారికా. మాయమ్మ చూడు ఎట్లయిపోయిందో. నా కోసం చెప్పు" అని బతిమాలాడు.

ముగ్గురు ఒకవైపు, ఆమె ఒక్కతే ఒకవైపు. పోట్లాడేవాళ్ళయితే ఆమె కూడా పోట్లాడేది. వీళ్ళు ఏడుస్తున్నారు. ఏడ్చేవాళ్ళ ముందు గట్టిగా నిలబడటం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"ఆ పలుకులు దుకాణంలో ఉండకూడదు. ఇంకెవరికీ ఇట్ల కాకూడదు. అట్లయితేనే చెప్తా" అంది.

"సరే సరే, రేపే తీసేస్తాం" అన్నాడు వెంకటసాయి. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

కార్తీకం వెళ్ళిన మర్నాడు, అరటి దొప్పల్లో దీపాలు వదిలే పాడ్యమి పొద్దున, అదే నలుగురు ఆడవాళ్ళ ముందు హారిక తల దించుకుని "తప్పయింది, తిన్నా" అంది. రామతులసమ్మ ఆమెకు తలస్నానం చేయించి, పంచగవ్యం పోసి, మెడలో తులసిమాల వేసింది. అందరూ ఆ అత్త ఓర్పును మెచ్చుకున్నారు. పలుకులు మానేశారు కాబట్టి రోజులు గడిచేకొద్దీ వాసన పలచబడింది, ధనుర్మాసం సగానికి పూర్తిగా పోయింది. వీధిలో మాత్రం వేరే మాట నిలిచింది. శుద్ధి చేయిస్తే పోయిందట! రామతులసమ్మ చేతి మహిమట! ఊడిన జుట్టు దొంగ ఒట్టుకు శివుడు వేసిన శిక్షట! హారిక అన్నీ విన్నది. పళ్ళు కొరుక్కుంటూ విన్నది.

ఆ మాట గిద్దలూరు చేరడానికి ఎంతసేపు? శ్రీరాములు ఫోన్ చేశాడు.

"నా మీద ఒట్టేసి అబద్ధం చెప్పినావంట గదమ్మా?"

"లేదు నాయనా. ఒట్టే నిజం. తర్వాత చెప్పిందే అబద్ధం" అని జరిగిందంతా చెప్పింది.

నాయన నమ్మాడు. నమ్మి, "మరి తిన్నానని ఎందుకొప్పుకున్నావు తల్లీ?" అని అడిగాడు. ఫోన్ పెట్టేశాక హారిక చాలాసేపు దేవుడి గది గడప మీద కూర్చుని అరచేతిలో కాలిన మచ్చను గోటితో గీరుకుంది.

ఇక పలుకుల సీసా. పాడ్యమినాడు అది గల్లాపెట్టె పక్కనుంచి లేచి వెనక గదిలోకి పోయిన మాట నిజమే. ధనుర్మాసంలో వెనక గదిలోంచి లోపలి అరలోకి వచ్చింది. మాఘం నాటికి మళ్ళీ గల్లాపెట్టె పక్కనే కూర్చుంది. "తెచ్చిన సరుకు పారబోస్తామా? తినేవాళ్ళు తింటారు, మనం నోట్లో కుక్కుతున్నామా?" అన్నాడు కోటేశ్వర్లు. వెంకటసాయి ఆ పూట ఏదో పనుందని కనిగిరి పోయాడు.

అప్పుడు వచ్చింది కృష్ణవేణమ్మ.

"అన్నా, మా అమూల్యకు థైరాయిడ్ అని చెప్పినారు. ఈ నెలలో పెళ్ళిచూపులు పెట్టుకున్నాం, పిల్ల చూస్తే నీరసంగా ఉంది. మీ థైరాయిడ్ పలుకులు అరకిలో కట్టు. వదిన బాదం మాదిరి నూరి తాపేది గదా, నేనూ అట్లనే తాపిస్తా."

ఇల్లూ దుకాణమూ కలిసే ఉన్నాయి. మధ్య గుమ్మంలో రామతులసమ్మ వత్తులు చేసుకుంటోంది. ఆమె వెనక నుంచి హారిక విన్నది. ఆగలేదు. అత్తను దాటుకుని గల్లాపెట్టె ముందుకు వచ్చింది.

"పిన్నీ, వద్దు. తినిపిస్తే రోజుకు ఒక్కటి, మహా అయితే రెండు. అంతే. గుప్పెడు పెట్టొద్దు. అవి విషమైపోతాయి. డాక్టరమ్మను అడిగి పెట్టు." తల మీద కొంగు తీసి చూపించింది. చెవి పైన ఇంకా అరచేతి వెడల్పు బోడి, దాని మీద కొత్తగా మొలుస్తున్న పిలకలు. "ఇదిగో, ఇట్ల చేసినాయి నన్ను."

"నీ జుట్టు సంగతి ఊరందరికీ తెలుసులేమ్మా. శివుని కాడ తప్పు చేస్తే ఊరుకుంటాడా?"

"శివుడు కాదు పిన్నీ, ఈ పలుకులే! ఆ వాసన గూడా వీటిదే. నేను తెల్లగడ్డ ముట్టనే లేదు."

"హారికా!" అన్నాడు కోటేశ్వర్లు.

కృష్ణవేణమ్మ చెడ్డ మనిషేమీ కాదు. చేతిలో సంచీ గల్లాపెట్టె మీద పెట్టి, నిజంగానే అర్థం కాక అడిగింది. "కర్పూరం ఆర్పి తినలేదన్నావు. మీ నాయన మీద ఒట్టేసినావు. నెల తిరక్కుండానే తిన్నానన్నావు. నా చెవులతో విన్నా. ఇప్పుడు మళ్ళీ తినలేదంటున్నావు. నువ్వే చెప్పు తల్లీ, నీ నోట్లోంచి వచ్చేదాంట్లో ఏది నమ్మమంటావు?"

నిజం చెప్తున్నానని ఎట్లా చెప్పాలో హారికకు తెలియలేదు. ఒట్టు అప్పుడే ఖర్చయిపోయింది.

కృష్ణవేణమ్మ గుమ్మం వైపు తిరిగింది. "నువ్వు చెప్పు వదినా. నీ మాటయితే నేను కళ్ళు మూసుకుని నమ్ముతా. ఈ అమ్మాయి చెప్పేది నిజమేనా?"

రామతులసమ్మ చేతిలో వత్తి ఆగింది. ఆవిడ కోడలి వైపు చూసింది, చెవి పైన బోడి వైపు చూసింది. ఒక్క మాట. 'నిజమే వదినా' అంటే చాలు. అమూల్యకు ఇరవై ఏళ్ళు, మొన్న శ్రీశైలం కారులో పక్కనే కూర్చున్న పిల్ల. హారిక రెండు చేతులూ గల్లాపెట్టె అంచును గట్టిగా పట్టుకుని ఆ మాట కోసం చూసింది.

"కొంచెం తగ్గించే వెయ్యిలే వదినా. వేడి చేస్తాయి" అంది రామతులసమ్మ, వత్తి వైపు చూస్తూ.

"ఓసి, అంతేనా! వేడి చేస్తే మజ్జిగ తాపిస్తాలే" అంది కృష్ణవేణమ్మ తేలికపడి. "గుప్పెడు కాకపోతే అరగుప్పెడు వేస్తా. కట్టన్నా."

కోటేశ్వర్లు పొట్లం కట్టాడు. కృష్ణవేణమ్మ సంచీలో వేసుకుని మెట్లు దిగింది. హారిక చెప్పులు కూడా లేకుండా వెనకే పరుగెత్తి వీధి మధ్యలో ఆమె చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్కటి. రోజుకు ఒక్కటే పెట్టు" అంది మొహంలో మొహం పెట్టి.

ఆ నోట్లో వాసన పోయి నెల దాటింది. అయినా కృష్ణవేణమ్మ మొహం పక్కకు తిప్పుకుని, కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.